లక్ష్మక్క తిన్న ముద్ద

మా ఆయన వెంకటకృష్ణయ్య పోయి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో నా పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి లేదు. కర్ణాటకలో సిరుగుప్ప దగ్గర కాలవ నీళ్లొస్తాయని గుడివాడ వైపు నుంచి వచ్చి కట్టుకున్న క్యాంపు మాది. ఆరిళ్లు. అందరూ మావాళ్లే, అందరూ మంచివాళ్లే, కాకపోతే పండగ వచ్చిందంటే నా గుమ్మం ముందు తల తిప్పుకుని నడుస్తారు. మొదట్లో ఏడ్చాను. తర్వాత ఒళ్లు మండింది. ఇప్పుడు రెండూ లేవు. ఒక్కదానికి వండుకోవడం చేతకాక సగం అన్నం గేదెకు పెడుతున్నాను.

లక్ష్మక్క మా పొలంలో కలుపు తీస్తుంది. తరతరాలుగా ఇక్కడివాళ్లే. శీగి పున్నమికి ముందు రోజు అడిగింది.

"రేపు హబ్బ కదమ్మా. మడికి ఏం వండుతాండావు?"

మా వైపు ఈ పండగ లేదు. పొట్టకొచ్చిన పైరు కడుపుతో ఉన్న ఆడదానితో సమానమట. అన్ని కూరలూ వండి, చేలో చల్లి, అక్కడే కూర్చుని తినాలట.

"నేను చల్లకూడదు లక్ష్మక్కా" అన్నాను.

"నీ మడికి నువ్వు పెట్టకుంటే ఊరోల్లు పెడతారా? కొర్రలు, గుమ్మడికాయ, వంకాయ, అనపకాయ, అన్నీ ఒగే కుండలో ఏసి ఉడికియ్యి. నేనూ నీతోనే తింటా."

ఆ చివరి మాట నాకు చాలు. తెల్లవారకముందే లేచాను. మా వైపు పాలు కాగబెట్టే దాలిగుంట ఇక్కడా తవ్వుకున్నాను. నానిన కొర్రలు, గుమ్మడి ముక్కలు, వంకాయలు, పందిరి మీది లేత ఆనపకాయ ఒకటి కుండలో వేసి, చింతపండు పులుసు, కారం పోసి, మూత చుట్టూ పిండి మెత్తి పిడకల నిప్పులో దించాను. మూడు గంటల తర్వాత మూత తీస్తే కమ్మటి వాసన వాకిలి దాటింది. ఎన్నాళ్లకో ఆకలేసింది.

చేలో నాలుగు మూలలా చల్లి గట్టు మీద ఆకులు వేశాను. లక్ష్మక్క ఒక ముక్క వేలితో నొక్కి ఆగింది. నా వైపు చూసింది. ముద్ద నోట్లో పెట్టుకుని మింగింది.

"సాకమ్మా" అని లేచింది. పిల్లలకంటూ తన ఆకులో మిగిలింది గుడ్డలో కట్టుకుంది.

వాళ్ల కన్నడంలో సాకు అంటే చాలు అని. మా తెలుగులో అర్థం వేరు. నేను మా తెలుగులోనే అర్థం చేసుకున్నాను. విధవ చేతి ముద్ద దిగలేదు కాబోలు. వండమన్నదీ తనే, లేచిపోయిందీ తనే! గట్టు మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. నా ఆకు అలాగే ఉంది. నాకూ దిగలేదు.

మర్నాడు పొద్దున్నే లక్ష్మక్క వచ్చి ఒడిలోని పచ్చి చిక్కుడులాంటి కాయలు అరుగు మీద పోసింది.

"ఇదమ్మా అనపకాయంటే. నువ్వేసింది సొరకాయ."

వాళ్లు సొరకాయ అనేదాన్నే మేము ఆనపకాయ అంటాం. నవ్వు రావాల్సింది, కోపమే వచ్చింది.

"కాయ మారితే ఒక్క ముద్దకే లేచిపోవాలా?"

ఆమె కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

"మా ఇంటాయనకు సొరకాయంటే పానం. ఆయప్ప పోయినంక నేను ఇడిసిపెట్టినా. పన్నెండేండ్లాయ."

"మరి నిన్న?"

"నువ్వు నా నోటి పక్కే చూస్తాంటివి. ఎట్ల తినకుండేదమ్మా?"

ఆమె తినని ముద్దలే లెక్కపెట్టుకుని రాత్రంతా తిట్టుకున్నాను. తిన్న ఆ ఒక్క ముద్ద సంగతి నాకేం తెలుసు! సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటుంటే ఆమె ఒలిచిన గింజలు నా ముందుకు తోసింది.

"కొర్రలు ఇంగా ఉండాయా?" అంది.

ఉన్నాయి. లోపలికెళ్లి ఇద్దరికి కొలిచి నానబోశాను.