చైనాకు పోయిన పసుపు

"కాకా, సంచిల ఏం కలిపినవ్?"

ఫోనులో రాఘవేందర్ మొదటి మాటే అది. రామచంద్రయ్య ఏమీ కలపలేదన్నాడు. రాఘవేందర్ చైనా నుంచి వచ్చిన పరీక్ష రిపోర్టు చదివి వినిపించాడు. బూజు లేదు. పచ్చని పొడి ఉంది. ఏమిటో తెలియదు.

రాఘవేందర్ వనపర్తిలో పల్లికాయ కొని విదేశాలకు పంపే వ్యాపారి. పెద్దమందడిలో రామచంద్రయ్య యాసంగి పంట కల్లంలో సంచులకెత్తి ఉంది. అందులోంచి ఒక కిలో నమూనా చైనాలోని షాన్‌డాంగ్‌కు, చింగ్‌దావ్ రేవులో పల్లి కొనే వాంగ్ అనే ఆసామికి విమానంలో వెళ్లింది. పాసైతే పంటంతా ఓడెక్కుతుంది. లేకపోతే ఊరి పక్క నూనె మిల్లే గతి.

షాన్‌డాంగ్ గురించి రాఘవేందర్ ముందే చెప్పాడు. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన నేల, ఇసుక చెలకలు. వాళ్లూ తరతరాలుగా పల్లి వేసేవాళ్లే. మిల్లులకు అది చాలక మన దగ్గర కొంటారు. కాయను చెవి దగ్గర ఊపి ఎండిందో లేదో చెప్పే మనుషుల్ని మోసం చేయలేం.

రామచంద్రయ్య కల్లమంతా వెతికాడు. మందు డబ్బాలు చూశాడు, చీపురు దులిపాడు. చివరికి భార్య బాలనాగమ్మను అడిగాడు. ఆమె చాటలోంచి తల ఎత్తలేదు.

"నేనే ఏసిన. తొలి కాయ గడప దాటుతుంటే పసుపు లేకుంట ఎట్ల పంపుత?"

ఆ మధ్యాహ్నమే వాంగ్‌తో వీడియో కాల్. చైనా భాష వచ్చిన వర్ష అనే అమ్మాయి హైదరాబాద్ నుంచి ఇటు మాట అటు చెబుతోంది. వాంగ్ అంతా విని, ఎందుకు వేశారని ఒక్కటే అడిగాడు. పోయిన చోట పిల్లాపాపలతో చల్లగా ఉండాలని, అంది బాలనాగమ్మ. ఆయన తన కూతురి పెళ్లిలో ముసలమ్మలు అందుకే పడక నిండా పల్లికాయలు, ఎండు రేగుపళ్లు చల్లారని, అవి అల్లుడికి గుచ్చుకున్నాయని చెప్పాడు. రామచంద్రయ్యకు ప్రాణం లేచొచ్చింది. రిపోర్టు మాత్రం రిపోర్టే, అన్నాడు వాంగ్. ఇంకో కిలో పంపమన్నాడు.

ఈసారి రాఘవేందరే వచ్చి నింపి, సీలు వేసి, సంచిని ఒళ్లో పెట్టుకుని వనపర్తి పోయాడు. పన్నెండో రోజు పాసయింది.

రాఘవేందర్ లారీ తెచ్చిన పొద్దున బాలనాగమ్మ పళ్లెంతో బయటికొచ్చింది. రామచంద్రయ్య సంచులకు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె వాటి వైపు చూడనే లేదు. నేరుగా పోయి లారీ అద్దం కింద పసుపు రాసి, బొట్టు పెట్టింది.

"లారీని గూడ పరీక్ష జేస్తరా, రాఘవేందరూ?"

"తెల్వదు చిన్నమ్మా. ఇంకో బొట్టు మాత్రం పెట్టకు."