తొమ్మిదిమందీ, నేనూ

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. వత్తులు నాకు ఇంకా లొంగలేదు. ఒక్క పంక్తికి ఒక పూట పడుతుంది. నిదానంగా రాస్తున్నాను. మీరూ నిదానంగా చదవండి.

చల్లారిన పొయ్యికి ఒక వాసన ఉంటుంది.

తడి బూడిద వాసన. ఆగిపోయిన పొగ వాసన. శుక్రవారం పొద్దు గూకకముందే నీళ్లు చిలకరించి ఆర్పితే, శనివారం చుక్కలు పొడిచేదాకా అది ఇంట్లోనే తిరుగుతుంది…

నా బతుకంతా ఆ వాసనే.

మేము యూదులం. బాన్సువాడలో మా ఇల్లు ఒక్కటే. నిజాంసాగర్ కట్టేటప్పుడు మా నాయన కొంకణం నుంచి మేస్త్రీ పనికి వచ్చాడు. ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు — అలా పెరిగాను. ఊళ్లో మమ్మల్ని శనివారపోళ్లు అనేవారు. శనివారం మేము పొయ్యి వెలిగించం. బండెక్కం. పని ముట్టం. రాయకూడదని కూడా ఉంది. అప్పట్లో నాకు రాయడం రాదు గనక ఆ ఒక్క నియమం మాత్రం నాకు తేలికగా ఉండేది.

కాలువకు శనివారం లేదు. అది పారుతూనే ఉండేది.

నా భర్త హస్కేల్ ఆ కాలువ తూములకు ఫిట్టరు. గ్రీజు చేతులు, మెత్తని మాట. ముత్తెన్న ఇంట్లో వెనక గదులు మాకు కిరాయికి ఇచ్చారు. ముత్తెన్న భార్య గంగమణి శనివారం పొద్దున్నే ఇత్తడి గ్లాసులో చాయ్ తెచ్చి గడప మీద పెట్టి పోయేది. అడగక్కర్లేదు.

మా పెద్దవాళ్లు ఒక మాట చెబుతారు. ఎన్నో వందల ఏళ్ల కింద మావాళ్ల ఓడ కొంకణం ఒడ్డున పగిలిందట. పుస్తకాలన్నీ సముద్రంలో పోయాయట.

పుస్తకాలు లేని అన్ని వందల ఏళ్లు మా మతం ఎక్కడ బతికింది?

పొయ్యి దగ్గర.

ఆర్పిన పొయ్యిలో. శుక్రవారం దీపంలో. చేప పొలుసులో. పొలుసు లేని చేప మేము తినకూడదు. ఆ ముక్క తల్లి కూతురికి చెప్పింది, ఆ కూతురు తన కూతురికి చెప్పింది. బజారులో నేను వాలుగను పక్కకు నెడితే చేపలమ్మే లస్మవ్వ తిట్టేది. "ఏందక్కా, మీ దేవునికి చాప పొలుసు సూసుడే పనా? ఇంకేం ఫికర్ లేదా ఆయనకు?"

తర్వాత ఎప్పుడో పుస్తకాలు మళ్లీ వచ్చాయి.

వచ్చి, మగవాళ్ల చేతుల్లో కూర్చున్నాయి.

మా ఇంట్లోనూ అంతే. పుస్తకం హస్కేల్‌ది. ఆయన చదివేవాడు. చివర "ఆమెన్" అనడం నాది. అలాగే కానీ అని అర్థం. మా ఇళ్లలో ఆడపిల్లకు ప్రార్థనలో నేర్పింది అదొక్కటే. ఇంకొకరు చెప్పినదానికి జవాబు.

1969 వానాకాలం ఆయనకు కామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు. గోళ్లు పసుపు. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాం. కాలువ మీద వాన పడుతోంది… ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"మిల్కా, నాకు కొడుకు లేడు. నువ్వే కద్దీష్ చెప్పించు."

కద్దీష్ అంటే పోయినవాళ్ల కోసం మేము చెప్పే ప్రార్థన. దానికి పదిమంది యూదులు కావాలి. పదిమంది మగవాళ్లు. తొమ్మిదిమంది ఉంటే నోరు విప్పకూడదు.

చెప్పిస్తానన్నాను.

ముత్తెన్న తన చెరుకు మడి గట్టున, కాలువ పక్కన చోటిచ్చాడు. ఆయనా, ఆయన తమ్ముడు పండరీ గొయ్యి తవ్వారు. ఒక్క యూదు మగవాడు లేడు. ప్రార్థన లేకుండానే మట్టి వేశాం. వాన ఆ మట్టిని చదును చేసింది.

నా గాజులు పగిలాయి. గాజులు పగలగొట్టమని మా పుస్తకంలో లేదట. చుట్టుపక్కల వాళ్లను చూసి నేర్చుకున్నాం. పక్కింటివాళ్ల దేవుళ్లను మేము తెచ్చుకోలేదు. పక్కింటివాళ్ల విధవరికాన్ని మాత్రం తెచ్చుకున్నాం.

మరుసటి ఏడు ఆయన పోయిన రోజుకు మోషే బావ వస్తానని కబురు చేశాడు. ఆయన హస్కేల్‌కు అన్న, బొంబాయిలో ఉండేవాడు. పదిమందిని తెస్తానన్నాడు. ఆ రోజు శనివారం పడింది. శుక్రవారమే అటుకులు తడిపి, బెల్లం కలిపి, కొబ్బరి కోరి, ఖర్జూరం వేసి మలీదా చేశాను. అది మా మొక్కుల ప్రసాదం. చేసి, పొయ్యి ఆర్పాను. నడుము వాల్చాను. ఏడాది తర్వాత ఆ రోజే నిద్ర పట్టింది.

శనివారం పొద్దున బస్సు దిగారు.

శనివారం. బస్సు.

తొమ్మిదిమంది. ఒకడు మన్మాడ్‌లో బండి తప్పాడట.

"చాయ్ లేదా భాభీ?" అన్నాడు ఒకడు. పొయ్యి ఆర్పి ఉందన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంకొకడు అరుగు మీదికి పోయి బీడీ ముట్టించాడు. శనివారం పూట, నా ఇంటి అరుగు మీద అగ్గిపుల్ల గీశాడు.

నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను. వాళ్లు నాకు కావాలి.

మోషే బావ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "ఒకడు తక్కువ" అన్నాడు.

ముత్తెన్న తువ్వాల దులుపుకుంటూ ముందుకొచ్చాడు. "గంతేనా బావా? నేను కూసుంట తియ్. నెత్తికి రుమాల్ సుట్టుకుంట."

"నువ్వు మా మతం కాదు అన్నా."

"మరి మిల్కక్క మీ మతమే గదా. ఆమెను కూసోబెట్టుండ్రి."

అందరూ నవ్వారు. మంచి హాస్యమే. నేను మాత్రం గడప దగ్గర నుంచి అన్నాను — "నేనున్నాను బావా."

మోషే బావ నవ్వు ఆపాడు. కోపం లేదు ఆయన గొంతులో. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"నువ్వు లెక్కలోకి రావు, మిల్కా."

వెనక నుంచి గంగమణి ఊరుకోలేదు. "లెక్కల రాదంట! మలీదా పిసుకనీకి మాత్రం అచ్చింది!"

కాలువ పారుతోంది. శనివారం లేని కాలువ.

బీడీ తాగినవాడు లెక్కలోకి వస్తాడు. బస్సెక్కినవాళ్లు లెక్కలోకి వస్తారు. శనివారాన్ని ఈ ఊళ్లో ఒంటరిగా మోసిన మనిషి రాదు…

"పోనీ, ఆ మాటలు ఒక్కసారి చెప్పు బావా. నేను విని నేర్చుకుంటాను."

"పదిమంది లేకుండా నోట రాకూడదు. మళ్లీ ఏడు వస్తాం."

మలీదా తిన్నారు. బాగుందన్నారు. సాయంత్రం బస్సుకు పోయారు.

మళ్లీ ఏడు రాలేదు. ఆ మళ్లీ ఏడూ రాలేదు. ఒక్కొక్క ఏడు ఒక్కొక్కరు కాటికి పోయారని కబురు వచ్చేది. తొమ్మిది ఎనిమిదయింది. ఎనిమిది ఆరయింది. చెరుకు ఎదిగేది. చెరుకు కొట్టేవారు. ఆయన మాత్రం ఆ గట్టున అలాగే, మాట అందకుండా.

పెద్దవాళ్లకు బడి పెట్టారు. సాయంత్రాలు పాఠశాల వరండాలో ప్రేమల అనే పిల్ల చెప్పేది. నేను పలక పట్టుకుని పోతుంటే లస్మవ్వ బజారంతా వినేటట్టు అరిచింది. "బొందల పండే యేళ్లకు బడేందక్కా! యమునికి దరఖాస్తు రాస్తవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె చెప్పింది దాదాపు నిజమే.

'అ' రాయడానికి నాకు వారం పట్టింది.

1981లో మోషే బావ మనవరాలి పెళ్లికి బొంబాయి పోయాను. శనివారం ప్రార్థన ఇంటికి తీసుకుపోయారు. కింద మగవాళ్లు. మేడ మీద, కటకటాల వెనక మేము. కింద ఒకతను లేచి నిలబడ్డాడు. తండ్రి పోయాడట. కద్దీష్ మొదలుపెట్టాడు.

అది ఒక్కసారితో అయిపోదు. ఆ పూటలోనే మళ్లీ మళ్లీ వస్తుంది.

నా కొంగు ముడిలో పెన్సిల్ ముక్క ఉంది. చేతిలో పెళ్లి పత్రిక ఉంది.

శనివారం.

నా బతుకులో ఒక్క శనివారం చెడలేదు. అగ్గి ముట్టలేదు. జ్వరం వచ్చినా బండెక్కలేదు. మా అమ్మ, ఆమె అమ్మ, ఓడ పగిలిన ఒడ్డు దాకా ఆ అమ్మలందరూ నా చేతి వైపు చూస్తున్నట్టుంది…

పత్రిక తిప్పి రాశాను.

విన్నది విన్నట్టు, తెలుగు అక్షరాల్లో. పక్కన ముసలామె నా మోచెయ్యి గిల్లింది. "శనివారం రాస్తున్నావా? పాపిష్టిదానా!" చెయ్యి ఆగలేదు. మొదటిసారి కొంత దొరికింది. రెండోసారి ఇంకొంత. ఆఖరిసారికి అంతా దొరికింది.

మోషే బావకు తెలిసింది. "శనివారం రాసిన ప్రార్థన చెల్లదు" అన్నాడు.

"శనివారం బస్సెక్కి వచ్చినవాళ్లు చెల్లారు గదా బావా."

ఆయన టోపీ సర్దుకున్నాడు.

ఊరికి వచ్చిన మూడో రోజు చెరుకు మడి గట్టుకు పోయాను. గంగమణి తోడొచ్చింది. తల మీద కొంగు కప్పుకుంది. అలా కప్పుకోమని నేను చెప్పలేదు. కాలువకు నీళ్లు వదిలారు. ఎర్ర నీళ్లు. గట్టు దాకా నిండుగా.

చదివాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని. అర్థం తెలియదు. హస్కేల్‌కు తెలుసు. అది చాలు.

మొదటి వాక్యం అయింది. ఆగాను. అక్కడ తొమ్మిదిమంది ఆమెన్ అనాలి.

చెరుకు ఆకులు రాసుకున్నాయి. అంతే.

"అయిపాయెనా?" అంది గంగమణి.

"ఇంకా లేదు. జవాబు రావాలి."

"ఎవలు చెప్పాలె?"

నేను పత్రిక వైపు చూశాను. ఆమె దగ్గరికి జరిగింది. బురద కాళ్లు, తడిసిన అంచు.

"నేను చెప్త తియ్ మిల్కక్కా. ఏమనాలె, చెప్పు."

నోరు తెరిచాను. నాలుక చివరికి వచ్చేసింది ఒక మాట. ఆమెన్ కాదు. మోషే బావ మాట. నువ్వు లెక్కలోకి…

గంగమణి నా ముఖం వైపే చూస్తోంది. ఏమనాలో చెబుతానని.

— మిల్కాబాయి. అరవై నాలుగేళ్లు. ముత్తెన్న ఇంటి వెనక గదులు, బాన్సువాడ.