వెనక్కి విసిరిన బంతి

ఉమ్మింది యజమాని ప్రూయిట్ మనిషి అయితే లొరెయిన్ అంతగా పట్టించుకునేది కాదు. ఉమ్మింది గస్ వెంట్. ఇనుము పోతపోసే ఫౌండ్రీ సమ్మెలో ఒక చలికాలమంతా ఆమె పక్కనే నిలబడి, ఆమెతో పాటు ఒకే డబ్బా మంట మీద చేతులు కాచుకున్న గస్.

స్టేడియం గేటు ముందు బురదమంచులో బేస్‌బాల్ ఆటగాళ్లు సమ్మె నినాదాల అట్టలు పట్టుకుని నిలబడ్డారు. పేరున్న ఆటగాళ్లు ఒకసారి వచ్చి ఫోటోలు దిగి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు నిరుడే జట్టులోకొచ్చిన చిన్నవాళ్లు. అందులో ఎమిలియో అనే పిచ్చర్, బంతి విసిరేవాడు, అతని కాళ్లకు గుడ్డ బూట్లున్నాయి. వేడి దేశం నుంచి వచ్చినవాడు, ఈ సరస్సు గాలి అతనికి కొత్త. గస్ అతని దగ్గరికి నడిచి, "బంతి విసరడానికి కూడా సమ్మేనా దొరబాబూ?" అని జాకెట్ మీద ఉమ్మాడు. చుట్టూ ఉన్న అభిమానులు నవ్వారు. ఎమిలియో జాకెట్‌ను చేత్తో తుడుచుకుని, అట్టను మళ్లీ నిటారుగా పట్టుకున్నాడు.

నవ్విన వాళ్లలో సగం మంది లొరెయిన్‌కు తెలుసు. అందరూ ఫౌండ్రీ వాళ్లే.

ఆ ఊళ్లో ఫౌండ్రీ ప్రూయిట్‌ది. స్టోకర్స్ బేస్‌బాల్ జట్టూ ప్రూయిట్‌దే. కొలిమిలో బొగ్గు ఎగదోసేవాళ్ల పేరు జట్టుకు పెట్టింది మాత్రం కార్మికులే, తాతల కాలంలో. ఫౌండ్రీ సమ్మెను ప్రూయిట్ బయటి ఊళ్ల నుంచి బస్సుల్లో మనుషుల్ని తెచ్చి విరగ్గొట్టాడు. ఇప్పుడు ఆటగాళ్ల జీతాలు ఇంతకు మించకూడదని మూత బిగిస్తానన్నాడు. వాళ్లు ఒప్పుకోక సమ్మెకు దిగారు. దాంతో ఊరూరా పాత ఆటగాళ్లనీ, ఎన్నడూ పైకి రాలేకపోయిన వాళ్లనీ వెతికి కొత్త జట్టు కడుతున్నాడు.

సాయంత్రం యూనియన్ హాలులో చేపల వేపుడు. యూనియన్ పోయింది, హాలు మిగిలింది. ఈస్టర్ ముందు ఉపవాసపు శుక్రవారాల్లో అందరూ అక్కడికే వచ్చి వేయించిన చేపలు, బంగాళాదుంపలు తిని పోట్లాడుకుంటారు. ఆ రోజు పోట్లాటకు వేరే సంగతి వెతుక్కోవలసిన పని లేకపోయింది.

"నన్ను తిట్టాలనుంటే తిట్టు లొరెయిన్," అన్నాడు గస్ పళ్లెం తెచ్చుకుంటూ. "వాడు ఒక్క ఆటలో సంపాదించింది నేను ఏడాదంతా గోదాంలో పెట్టెలు మోసినా రాదు. వాడిదీ ఒక సమ్మేనా?"

"ఎమిలియోకి అంత లేదు. ఉన్నా ఏంటి?" అంది లొరెయిన్. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. అందుకే బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కాస్త వంగి వినాల్సొచ్చింది. "ప్రూయిట్ దగ్గర ఎంతుందో ఎప్పుడైనా అడిగావా?"

"టికెట్ ధర ఎందుకు పెరిగింది మరి? వీళ్ల జీతాల వల్లే కదా."

"మన కూలి కోసినప్పుడు మనం పోసే కారు బ్రేకు డ్రమ్ముల ధర తగ్గిందా గస్?"

పొయ్యి దగ్గర చేపలు తిప్పుతున్న ముసలి స్టాన్ బరాన్ పకపకా నవ్వాడు. యూనియన్ ఉన్న రోజుల్లో చివరి అధ్యక్షుడు ఆయన. "తగ్గలేదురా. నా పాత కారుకి డ్రమ్ములు వేయించా. నా చేత్తో పోసిన ఇనుమే నాకు అందలేదు."

"పెద్దాయనా, నువ్వు నవ్వించకు," అన్నాడు గస్. "వేసవి వస్తే మనకి మిగిలింది ఆ ఆట ఒక్కటే. అదీ లాక్కుంటారా? పనీ లేదు, ఆటా లేదు. మనిషి ఎటు చూడాలి?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. లొరెయిన్ కూడా ఊపింది.

అప్పుడు తలుపు పక్క నిలబడ్డ లియో అన్నాడు. "నన్ను పిలిచారు."

లియో లొరెయిన్ తమ్ముడు. ఒకప్పుడు పెద్ద జట్టుకి ఒక్క మెట్టు కింద దాకా వెళ్లి, మోకాలు విరిగి ఫౌండ్రీలోకి వచ్చాడు. సమ్మెలో అక్క పక్కనే నిలబడ్డాడు. ఇప్పుడు జుట్టు నెరుస్తోంది.

"ఎవరు పిలిచారు?" అంది లొరెయిన్, తెలిసే.

"స్టోకర్స్. ఎడమ గోడ పక్కన, లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడమన్నారు. మొదటి ఆటకే."

గస్ లేచి అతని వీపు మీద చరిచాడు. మరికొందరు చప్పట్లు కొట్టారు. లొరెయిన్ పళ్లెం పక్కకు జరిపింది.

"ఆ చొక్కా ఎవరి ఒంటి మీంచి తీసి నీకిస్తున్నారో చూశావా లియో?"

"చూశానక్కా. రేపు సమ్మె అయిపోతే మళ్లీ వాళ్లకే ఇచ్చేస్తారు, నన్ను పొమ్మంటారు. అదీ తెలుసు." అతని గొంతులో కోపం లేదు. "నాన్న నన్ను భుజాల మీదెక్కించుకుని ఆ స్టేడియం గోడ చూపించేవాడు. ఒక్క ఆట. ఒక్కసారి ఆ గోడకి లోపలి వైపు నిలబడతాను."

"మన ఫౌండ్రీ గేటులోకి బస్సు దిగినవాళ్లు కూడా ఒక్కసారనే దిగారు."

"మన గేటు దగ్గరికి ఈ ఆటగాళ్లలో ఒక్కడు వచ్చాడా? ఒక్కడి పేరు చెప్పు."

స్టాన్ తల దించుకున్నాడు.

"రాలేదు," అంది లొరెయిన్. "ఎవరూ రాలేదు. అందుకే ఓడిపోయాం."

స్టాన్ చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు. ఈ హాలు వాళ్లెవరూ టికెట్ కొనకూడదు, గేటు దాటకూడదు అని తీర్మానం పెట్టాడు. ఆ హాలులో ఓటంటే చెయ్యెత్తడం కాదు, లేచి నడవడం. ఔనన్నవాళ్లు కిటికీల వైపు, కాదన్నవాళ్లు పొయ్యి వైపు. ఎవరెటున్నారో ఒకరి ముఖం ఒకరు చూసుకోక తప్పదు.

కిటికీల వైపు లొరెయిన్, స్టాన్, ఇసుక అచ్చులు చేసే కోర్ గదిలో ఆమెతో పనిచేసిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నిలబడ్డారు. కిటికీల్లోంచి చలి వస్తోంది. తక్కినవాళ్లంతా పొయ్యి వైపు. లియో కాసేపు మధ్యలోనే ఆగాడు. తర్వాత అక్క వైపు చూడకుండా పొయ్యి వైపు నడిచాడు.

తీర్మానం వీగిపోయింది.

మొదటి ఆట రోజు కోర్టు ఉత్తర్వు చూపించి పోలీసులు ఆటగాళ్లను గేటు దగ్గర్నించి తరిమేశారు. నిలబడాలంటే స్టేడియం వెనక బ్రోక్ వీధిలో నిలబడమన్నారు. అక్కడ ఎవరికీ కనబడరు. మిగిలింది ఎమిలియో, ఇంకొందరు. వాళ్లతో పాటు లొరెయిన్, స్టాన్, కిటికీల వైపు నిలబడ్డ ఆడవాళ్లు. ముందు గేటులోంచి లోపలికి జనం పారుతూనే ఉన్నారు. టికెట్లు సగం ధరకే ఇచ్చాడు ప్రూయిట్.

బ్రోక్ వీధికీ లెఫ్ట్ ఫీల్డ్‌కీ మధ్య ఒక్క గోడే అడ్డం. గోడ దాటి వచ్చిన బంతి స్టోకర్స్ ఆటగాడిదైతే దొరికినవాళ్లది. దాని మీద తేదీ రాసి కిటికీ గట్టు మీద పెట్టుకుంటారు. ఆ వీధిలో బంతి లేని కిటికీ లేదు. ఎదుటి జట్టువాడు కొట్టిన బంతిని మాత్రం గుమ్మం దాటించరు. అప్పటికప్పుడు గోడ మీంచి వెనక్కి విసిరేస్తారు. ఆ వీధిలో పుట్టిన పిల్లలకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. లొరెయిన్, లియో పుట్టింది ఆ వీధిలోనే.

స్టాన్ భుజం మీద రేడియో మోగుతోంది. "లియో డుడెక్," అంటోంది గొంతు. "మన ఊరివాడే. ఫౌండ్రీ కార్మికుడు. డబ్బు కోసం కాదు, ఆట మీద ప్రేమతో ఆడుతున్నాడు. ఇదీ అసలైన బేస్‌బాల్ అంటే."

"డబ్బు వద్దంటే ప్రూయిట్‌కి అంత ప్రేమ పుట్టుకొస్తుంది మరి," అన్నాడు స్టాన్.

గోడ అవతల టప్పుమని చప్పుడైంది. రేడియోలో గొంతు లియో పేరు కేక పెట్టేలోపే తెల్లటి బంతి గోడ పైన గాల్లో కనిపించింది. వీధి మధ్యలో పడి, లేచి, మురుగు కాలవ అంచున ఆగింది. లోపల వేలమంది ఒక్కసారిగా అరిచారు.

లొరెయిన్ వెళ్లి బంతి తీసుకుంది. కొత్తది. ఎర్ర దారపు కుట్లు ఇంకా గరుకుగా ఉన్నాయి. చిన్నప్పుడు తనూ లియో ఇలాంటి బంతి కోసం ఈ కాలవ పక్కనే కొట్టుకుని మోకాళ్లు చెక్కుకున్నారు. జీవితమంతా వాడు కొట్టాలనుకున్న బంతి ఇదే. ఇంకొకటి ఉండదు.

"ఉంచుకోవే తల్లీ," అన్నాడు స్టాన్ మెల్లగా. "ఎవరూ ఏమీ అనుకోరు."

"ఇది మన జట్టుదా పెద్దాయనా?"

స్టాన్ రేడియో గొంతు తగ్గించాడు.

ఆమె అట్టను నేలమీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, బంతిని గోడ మీంచి విసిరింది.

లోపల అరుపులు ఒక మూల నుంచి ఆగడం మొదలై మెల్లగా అంతటా ఆగిపోయాయి. రేడియోలో గొంతు తడబడింది. బంతి వెనక్కి వచ్చిందనీ, పరుగు తీస్తున్న డుడెక్ చివరి మలుపులో ఆగి గోడ వైపు చూస్తున్నాడనీ అంది. వెంటనే పాట వేశారు.

వీధి చివర కాపలా ఉన్న పోలీసులు లొరెయిన్ చేతులు వెనక్కి విరిచి బండి ఎక్కించారు. ఎదుటింటి కిటికీలోంచి పొకోర్నీ ముసలామె ఇదంతా చూసింది. ఆమె భర్త కొలిమి దగ్గర పోయినవాడు. ఆమె కిటికీ గట్టు మీది బంతి తీసుకుని ఇంట్లో వేసుకునే చెప్పుల్తోనే వీధిలోకి వచ్చింది. దాని మీద ఆయన రాత ఉంది. విసిరింది. గోడలో సగం ఎత్తు కూడా అందలేదు. దొర్లుతూ వెనక్కొచ్చింది. మళ్లీ విసిరింది. అందలేదు.

ఎమిలియో వంగి ఆ బంతి తీశాడు. రాతను చూసి ఆమె వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను విసిరితే ఆ బంతి గోడ పైన చాలా ఎత్తున వెళ్లింది. అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు గట్ల మీది పాత బంతులు ఏప్రన్లలో తెచ్చి అతని ముందు పోశారు. పొయ్యి వైపు నిలబడ్డవాళ్ల ఇళ్ల నుంచి కూడా వచ్చాయి. అతను విసురుతూనే ఉన్నాడు. స్టేడియంలోంచి బయటికొచ్చిన గస్, తన భార్య ఒళ్లో తన బంతులు చూసి, "అవి నావి," అన్నాడు.

"తెలుసు," అంది ఆమె. "నువ్వే ఇవ్వు."

గస్ ఏం చేశాడో లొరెయిన్ చూడలేదు. బండి తలుపు మూసేశారు. ముందు సీటు రేడియోలో మాత్రం వినిపించింది. మైదానంలో బంతులు ఏరేశారట. ఆట మళ్లీ మొదలైందట. డుడెక్ లెఫ్ట్ ఫీల్డ్‌లో తన చోట నిలబడ్డాడట. జనం చప్పట్లు కొడుతున్నారు. స్టోకర్స్ గెలిచేలా ఉన్నారు.

స్టేషన్లో ఆమె బెంచీ మీద కూర్చుంది. తమ్ముడు ఇక తన గుమ్మం తొక్కడని ఆమెకు తెలుసు. సమ్మెలో ఆటగాళ్లు గెలుస్తారన్న నమ్మకమూ లేదు. కాసేపటికి రెండో బండి వచ్చింది. ఎమిలియో, పొకోర్నీ ముసలామె, ఇంకా కొందరు. అందరి కన్నా చివర గస్ దిగాడు. అతని చొక్కా భుజం దగ్గర చిరిగింది. వచ్చి ఎమిలియో పక్కన కూర్చుని, అతని తడి బూట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

సార్జెంట్ లొరెయిన్‌ను బల్ల దగ్గరికి పిలిచాడు. అతనూ ఈ ఊళ్లోనే పుట్టినవాడు.

"మొదటి బంతి విసిరింది నువ్వేనా?"

"నేనే."

"అది నీ తమ్ముడు కొట్టింది కదమ్మా. ఇంట్లో పెట్టుకోవాల్సింది. ఎందుకు విసిరావు?"

"ఎదుటి జట్టువాడు కొట్టాడు," అంది లొరెయిన్.