ఇంకొక్క మెట్టు

మా నాన్నకు మీసం ఉండేదని అక్క చెబుతుంది. ఉండే ఉంటుంది. దీని గురించి అబద్ధమాడాల్సిన అవసరం దానికేముంది? ఫొటో కూడా చూపించింది. ఒక పెద్దాయన త్రాసు ముందు కూర్చుని, కెమెరాని పట్టించుకోకుండా పళ్లెం వైపు చూస్తున్నాడు. మీసం ఉంది. మంచి మీసమే. ఆయన్ని నేనెప్పుడూ చూసిన గుర్తు లేదు.

వేలం హాల్లో జరిగినదంతా నాకు గుర్తుంది. అది కళ్లారా చూసి, చెవులారా విని చెబుతున్నాను. నాన్న సంగతులు మాత్రం అక్క చెప్పినవే.

నాన్న త్రాసులు బాగుచేసేవాడట. ఎప్పుడో ఒక పాత త్రాసు పళ్లెం కింద, తూకం సరిపెట్టడానికి ఎవరో లక్కతో అంటించిన నాణెం ఆయనకు దొరికింది. త్రాసు తెచ్చినాయనకు చూపిస్తే, "ఆ బిళ్ల నేనేం చేసుకోను, నువ్వే ఉంచుకో" అన్నాడట. దాని మీద ఒక రాణి ముఖం. అచ్చు చెక్కినవాడు పరధ్యానంలో ఉన్నాడో ఏమో, రాణికి కన్ను పెట్టడం మరిచిపోయాడు. తప్పు తెలిశాక టంకశాల వాళ్లు ఆ నాణేలన్నీ వెనక్కి తెప్పించి కరిగించేశారు. త్రాసు కింద దాక్కున్నది ఒక్కటే బతికింది. నాన్న దాన్ని చొక్కా జేబులోనే పెట్టుకుని తిరిగేవాడట. ముఖం మీద వేలు పడనిచ్చేవాడు కాదు. రెండు వేళ్లతో అంచులు పట్టుకుని గోటితో మీటేవాడు. టింగుమనేది. అదే ఆయన జవాబు. అన్నం పెట్టమంటావా? టింగ్. బయటికి వెళ్తున్నావా? టింగ్. అవునంటే టింగు, కాదంటేనే నోరు తెరిచేవాడు. అక్కని నోటు అనీ, నన్ను చిల్లర అనీ పిలిచేవాడు.

ఆయనకు వేలాల పిచ్చి కూడా ఉండేదట. ప్రతి నాణేల వేలంపాటకీ వెళ్లేవాడు. మనసుపడ్డ దానికి చెయ్యెత్తేవాడు. సరిగ్గా ధరలో ఇంకొక్క మెట్టు ఎక్కితే దక్కుతుందనగా చెయ్యి దించేసేవాడు. ఇంటికొచ్చి, "పిల్లల నోటి దగ్గరిది తీసి రాణులకు పెడతామా?" అనేవాడట. తనకంటూ ఒక్కటి కూడా కొనుక్కోకుండానే పోయాడు.

పోయాక ఆ నాణెం మిగిలింది. "దాన్ని రెండు ముక్కలు చేసి పంచుకోలేం కదే" అంది అక్క. నేను పనిచేసే వేలం సంస్థలోనే అమ్మకానికి పెట్టాం.

అక్కడ నా పని ఫోను పట్టుకోవడం. హాలుకి రాలేని వాళ్లు ముందే పేరు నమోదు చేయించుకుంటారు. వాళ్ల వంతు రాగానే మేం ఫోను కలిపి, ధర చెప్పి, వాళ్లు నోరారా 'ఊఁ' అంటే చెయ్యెత్తుతాం. ఊఁ అనకపోతే ఎత్తకూడదు. ఉద్యోగంలో చేరిన రోజు మా సంస్థ పెద్దాయన నాకు నేర్పిన మొదటి ముక్క అదే. పాట పాడించేది ఆయనే. హాల్లో అందరూ ఆయన్ని మూడోసారి గారంటారు, వెనకాల లెండి. టీ కావాలన్నా మూడుసార్లు అడిగే మనిషి.

సొంతవాళ్ల సరుకు జోలికి సొంతవాళ్లు వెళ్లకూడదన్నది కూడా మా నియమమే. కానీ ఆ రోజు ఈ నాణేనికి ఫోను పట్టుకోవాల్సిన, నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయికి గొంతు పూర్తిగా పోయింది. మూడోసారి గారు నా దగ్గరికొచ్చి, "నువ్వు పాడటం లేదుగా, ఫోనేగా పట్టుకునేది. కానీ, కానీ, కానీ" అన్నారు. సరేనన్నాను.

మధ్యాహ్నపు ఎండ కిటికీల్లోంచి కుర్చీల మీద పడుతోంది. నాణెం నా ఎదురుగా అద్దాల పెట్టెలో ఉంది. పెట్టెకి తాళం, పక్కన కాపలా మనిషి. అక్క వెనక వరసలో చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకిచ్చిన నంబరు కలిపాను. ఎత్తారు. హలో లేదు, గిలో లేదు.

"నమస్కారమండీ. పాట మొదలైంది. తర్వాతి మెట్టు ఎక్కమంటారా?"

ఫోనులో టింగుమంది.

ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. అద్దాల పెట్టె వైపు చూశాను. రాణి అందులోనే ఉంది, కన్నులేని ముఖంతో. ఆ చప్పుడు ఎవరిదో నాకు వెంటనే తెలిసిపోయిందనీ, కళ్లు చెమర్చాయనీ గుర్తుంది. అంతగా ఎందుకు కదిలిపోయానో ఇప్పుడు అక్క చెబితే తప్ప అర్థం కాదు. నియమం ప్రకారం నేను ఊఁ అనే మాట వినాలి. టింగునే ఊఁ కింద జమకట్టి చెయ్యెత్తాను.

ముందు వరసలో భూతద్దం మెడలో వేసుకున్న వ్యాపారి ఒకడు ఇంకో మెట్టు ఎక్కాడు. నేను చెప్పాను. టింగ్. ఎత్తాను. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడూ ఉంటాడు కదా, భూతద్దం వదల్లేదు. కంగారు తగ్గుతుందేమోనని నాన్న ముఖం తలుచుకున్నాను. ముక్కు కింద తుడిచేసిన పలకలా ఉంది. అక్కడేదో ఉండాలి. ఏముండేది?

మళ్లీ టింగ్. మళ్లీ ఎత్తాను. ఆయన మెట్లెక్కి ఇంట్లోకి వచ్చే తీరు తలుచుకున్నాను. మెట్లు కనపడ్డాయి, మనిషి కనపడలేదు. ఇంకోసారి ఎత్తాక ఆయన చొక్కా వాసన పోయింది. అప్పుడు అర్థమైంది. ఫోనులో ఉన్నాయన దగ్గర డబ్బెక్కడిది? నేను ఎక్కే ఒక్కో మెట్టుకీ నాలో ఉన్న ఆయన ఒక్కో ముక్క ధరగా పోతున్నాడు.

భయం వేసింది. నిజం చెప్పొద్దూ, ఫోను పెట్టేసి పారిపోదామనిపించింది. కానీ అవతల ఉన్నది ఆయనే కదా. అడక్క అడక్క ఒకటి అడుగుతున్నాడు. ఎత్తుతూనే ఉన్నాను. ఆయన నవ్వు పోయింది, చేతులు పోయాయి, నాకు సైకిలు నేర్పిన సాయంత్రం పోయింది. ధర ఆ హాల్లో ఇంతవరకూ ఏ నాణేనికీ పలకనంతకి చేరింది. జనం గుడ్లప్పగించి లేచి నిలబడ్డారు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

భూతద్దం రుమాలుతో మెడ తుడుచుకుని ఇంకొక్క మెట్టు ఎక్కాడు. ఇక అతనికీ అదే ఆఖరని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఒకటోసారి" అన్నారు మూడోసారి గారు, నా వైపే చూస్తూ.

నేను ఫోనులో మెల్లగా అన్నాను. "నాన్నా, ఇంకొక్క మెట్టు. ఎక్కితే నీదే."

టింగు లేదు. ఊపిరి మాత్రం వినిపించింది. నా దగ్గర ఆయనవి ఇంకేం మిగిలాయో వెతుక్కున్నాను. గొంతు ఒక్కటే ఉంది.

"రెండోసారి."

అప్పుడు ఆయన నోరు తెరిచాడు.

"వద్దులే చిల్లరా. దించెయ్యవే చెయ్యి."

బతికినన్నాళ్లూ మా కోసం ఆ ఒక్క మెట్టు దగ్గరే ఆగిపోయిన మనిషి. చచ్చాక కూడా ఆగిపోతానంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. నా ఉద్యోగంలో 'వద్దు' అని విన్నాక చెయ్యెత్తింది ఆ ఒక్కసారే.

భూతద్దం తల అడ్డంగా ఊపాడు. సుత్తి పడింది. హాలంతా చప్పట్లు.

ఫోను ఇంకా నా చెవి దగ్గరే ఉంది. అవతల ఎవరో పెద్దాయన ఏడుస్తున్నట్టుంది. "అభినందనలండీ. నాణెం మీ చిరునామాకి పంపిస్తాం" అని మర్యాదగా చెప్పి పెట్టేశాను. అక్క పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను వాటేసుకుంది. "ఇది చూడ్డానికి నాన్న ఉండాల్సిందే!" అంది.

"ఎవరి నాన్న?" అన్నాను.

డబ్బు సక్రమంగానే వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో బ్యాంకు వాళ్లకే తెలియాలి. అక్క వద్దు వద్దంటూనే తన వాటా తీసుకుంది. నాణెం ఇచ్చి రావడానికి వెళ్లిన కాపలా మనిషి తిరిగొచ్చి నన్ను వింతగా చూశాడు.

"అది మీ ఇంటి చిరునామానే కదమ్మా. ఎవరో పెద్దాయన తలుపు తీశారు. భలే జాగ్రత్త మనిషి, అంచులు పట్టుకునే తీసుకున్నారు."

నేను ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. సాయంత్రం వెళ్లి తాళం తీసి గదులన్నీ వెతికాను. ఎవరూ లేరు. "ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా అడిగాను.

వంటింట్లోంచి టింగుమంది.

అప్పటినుంచీ ఇంతే. కిటికీ వెయ్యనా అని నాలో నేను అనుకున్నా టింగ్. అక్క వచ్చిన రోజు అది విని గోడకు ఆనుకుని భోరున ఏడ్చింది. "నాన్నేనే! పలకరించవే, నువ్వంటే ప్రాణం ఆయనకి. ఒరేయ్ నాన్నా అని మీద ఎక్కి తొక్కేదానివి కదే" అంది. నాకు ఆ మనిషి తెలిస్తే కదా పలకరించడానికి? పరాయి పెద్దమనిషిని ఒరేయ్ అని ఎలా పిలవను?

మొన్న ఆదివారం అన్నం వడ్డించుకుంటూ, ఇక ఉండబట్టలేక, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి అడిగాను.

"ఏమండీ, మీరు మా నాన్నగారా?"

నేను కూర కూడా వడ్డించుకున్నాను. తర్వాత, గోరు తగిలీ తగలనట్టు, చాలా చిన్నగా, టింగ్.

"అలాగాండీ" అన్నాను. ఏం చెయ్యాలో తోచక ఇంకో కంచం పెట్టాను. "కూర్చోండి."