తండ్రి సంతకం

వెండెల్ ప్రూయిట్ మోకాళ్ల మీద కూర్చుని స్క్రూడ్రైవర్‌తో నేలలో బెజ్జం పొడిచాడు. అందులో చిన్న జెండా గుచ్చి, సమాధి రాతికీ జెండాకీ మధ్య తన బూటు పెట్టి చూశాడు. దూరం సరిగ్గా బూటు పొడవే ఉండాలి. తర్వాత నడుం పట్టుకుని లేచి పక్క సమాధికి నడిచాడు. పోయిన సైనికుల్ని తలుచుకునే మెమోరియల్ డేకి ముందు శుక్రవారం, సైన్యంలో పనిచేసి పోయిన ప్రతివాడికీ జెండా పెట్టడం శ్మశానం కాపరి పని. ఇరవై ఆరేళ్లుగా ఆ కాపరి అతనే.

మనిషి పొడుగు. గడ్డి కోసే బండి మీద కూర్చుని కూర్చుని భుజాలు ముందుకు వంగాయి. మెడ వెనక చర్మం ఎండకు కాలి ఇటుక రంగు తేలింది. గోళ్లలో మట్టి ఎంత రుద్దినా పోదు. ఊళ్లో అతని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, చెడ్డగా కూడా. వేరే మాట దొరక్క నెమ్మదస్తుడు అంటారు.

చొక్కా జేబులో మడిచిన కాగితం ఒకటి పొద్దున్నుంచీ గుచ్చుకుంటోంది. కూతురు జోడీ దాన్ని కాఫీ కప్పు కింద పెట్టింది. జోడీకి పదిహేడేళ్లు. పద్దెనిమిది నిండనివాళ్లు సైన్యంలో చేరాలంటే తల్లిదండ్రులు ఒప్పుకుని సంతకం పెట్టాలి. తల్లి పోయి పదేళ్లయింది కనుక తండ్రిది ఒక్కటి చాలు.

"నాలుగింటికి సార్జెంట్ ఇంటికొస్తాడు నాన్నా. పెన్ను కూడా పెట్టాను. పెన్ను లేదని వంక పెట్టకు" అంది పొద్దున.

చెట్టు నీడన మడత కుర్చీలో లూథర్ కూర్చున్నాడు. పాత సైనికుల సంఘానికి ఆయనే పెద్ద. ఏటా పేర్ల జాబితా తెస్తాడు, కూర్చుని వంకలు పెడతాడు.

"ఒరేయ్ వెండెల్, మీ నాన్న జెండా వంకరగా ఉంది చూడు. ఆరోజు ఆయన ఆ సంతకం పెట్టుంటే నువ్వు నాకంటే పెద్ద సార్జెంటువి అయ్యేవాడివిరా."

వెండెల్ ఎప్పటిలాగే నవ్వి జెండా సర్దాడు. ఆ కథ ఊరందరికీ తెలుసు. వెండెల్ పదిహేడేళ్లప్పుడు సైన్యంలో చేరతానన్నాడు. కొరియా మంచులో రెండు కాలివేళ్లు పోగొట్టుకొచ్చిన తండ్రి ఆర్విల్ సంతకం పెట్టనన్నాడు. ఈ ఊళ్లోనే ఎందుకు ఉండిపోయావని ఎవరడిగినా వెండెల్‌కి జవాబు సిద్ధం. "మా నాన్న పోనివ్వలేదు." ఆయన పోయాక కూడా అదే జవాబు. చచ్చినవాడు కాదనలేడు కదా.

చివరి వరసలో డస్టిన్ హేగర్ సమాధి. ఇరవై ఏళ్లవాడు. ఇరాక్ నుంచి ఫిబ్రవరిలో తీసుకొచ్చారు. నేల గడ్డకట్టి ఉంటే వెండెల్ రెండు పూటలు బొగ్గులు కాల్చి, మెత్తబరిచి తవ్వాడు. పరిచిన పచ్చిక అతుకులు ఇంకా కలవలేదు. డస్టిన్, జోడీ ఒకే కొట్లో సరుకులు సంచుల్లో సర్దేవాళ్లు. స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి అక్కడ కదల్లేదు. వెండెల్‌కి భయం వేసింది. ఈ వరస పక్కన ఇంకా ఎంత ఖాళీ ఉందో అతనికంటే బాగా తెలిసినవాడు ఊళ్లో లేడు. సంతకం పెట్టను, చచ్చినా పెట్టను అనుకున్నాడు.

అనుకుని బెజ్జం పొడిచాడు. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది, అది మొదటిదానికంటే బాధపెట్టింది. జోడీ కూడా ఇక్కడే ఉండిపోయి, నలభై ఏళ్లు వచ్చేదాకా "మా నాన్న పోనివ్వలేదు" అంటూ బతుకుతుందేమో.

నాలుగింటికి, సైన్యంలోకి కుర్రాళ్లని చేర్చుకునే సార్జెంట్ వచ్చాడు. ఇస్త్రీ మడతలు చెదరని కుర్రాడు. వెండెల్ అతన్ని వరండాలో కూర్చోబెట్టి, వంటింట్లో కూతురి ఎదుట కాగితం విప్పాడు.

"నీకో సంగతి చెప్పాలి. తాతయ్య సంతకం పెట్టలేదు, నిజమే. ఏడు నెలలకి నాకు పద్దెనిమిది నిండాయి. ఆరోజు ఒక్కణ్ణే సైన్యంలో చేర్చుకునే ఆఫీసు దాకా వెళ్లాను. ఎదురుగా బండి ఆపి శాండ్‌విచ్ తిన్నాను. తినేసి ఇంటికొచ్చేశాను."

"అంటే?"

"అంటే నన్నెవడూ ఆపలేదే. భయపడ్డాను. తాతయ్య పేరు వాడుకున్నాను."

జోడీ పెన్ను అతని వైపు జరిపింది. "అయితే సంతకం పెడతావా?"

"పెట్టను. ఆపను కూడా. అక్టోబరు మూడుకి నీకు పద్దెనిమిది నిండుతాయి, ఇక ఎవడి సంతకమూ అక్కర్లేదు. వెళ్తే నీ కాళ్లతో నువ్వు వెళ్లు, మానితే నీ అంతట నువ్వే మానుకో. నా పేరు మాత్రం చెప్పకు."

"నీ చేతికి మట్టి అంటకూడదు, అంతేగా" అంది జోడీ, తలుపు విసురుగా వేసుకుంది.

ఆ వేసవంతా ఇద్దరూ ఆ ఊసెత్తలేదు. సాయంత్రాలు ఆమె శ్మశానం చుట్టూ పరిగెత్తేది. అతను బండి ఆపి, ఆమె దాటాక మళ్లీ గడ్డి కోసేవాడు. మానుకుంటే బాగుండునని రోజూ అనుకున్నాడు, ఒక్కరోజూ అనలేదు. అక్టోబరు మూడున ఆమె వెళ్లి తనే సంతకం పెట్టి వచ్చి, గుడ్లు వేయించి అతనికీ పెట్టింది. నవంబరులో ఒక మంగళవారం శిక్షణకి ప్రయాణం.

"నేను దింపనా?"

"వద్దు నాన్నా. నా కాళ్లతో వెళ్లమన్నావుగా. బండి ఆఫీసు దగ్గర పెట్టేస్తాను, తర్వాత తెచ్చుకో." గుమ్మం దగ్గర అతన్ని గట్టిగా పట్టుకుంది. ఏదో అనబోయి, "మందులు వేసుకో" అంది.

మధ్యాహ్నం లూథర్ తన కారులో వెండెల్‌ని ఆఫీసు దగ్గర దింపాడు. సైన్యంలో కొత్తగా చేరిన పిల్లల్ని ఎక్కించుకుని వ్యాను అప్పటికే వెళ్లిపోయింది. వెండెల్ బండి తలుపు తీసి ఎక్కబోతే మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకున్నాయి. జోడీ పొట్టిది. కాళ్లందక సీటును మొత్తం ముందుకు లాక్కుంది.

"సీటు వెనక్కి జరుపుకోరా, చిప్పలు పగుల్తాయి" అన్నాడు లూథర్.

"పర్లేదులే."

కాళ్లు ముడుచుకుని, గడ్డానికి స్టీరింగు తగిలేంత దగ్గరగా కూర్చుని, పదకొండు మైళ్లు నెమ్మదిగా నడుపుకుంటూ ఇంటికొచ్చాడు. దిగి తలుపు వేశాడు. సీటు మాత్రం ఆమె లాక్కున్న చోటే ఉంది.