చాలిలో మిగిలిన ఇద్దరు

కింది అంతస్తులో మరమగ్గాల సాంచాలు ఆగిపోయిన మూడో రోజున ఓదెమ్మకు గోడ చప్పుడు వినిపించింది.

నలభై ఏళ్లు ఆ మగ్గాల మోతలోనే కండెలు చుట్టి బతికింది ఆమె. గదుల వరసలతో ఉన్న ఆ పాత చాలి ఎప్పుడైనా కూలవచ్చని మున్సిపాలిటీ నోటీసు అంటించాక సేఠ్ సాంచాలను ఊరి చివర అంజూర్ ఫాటాకు తరలించాడు. అద్దెకున్నవాళ్లు ఒక్కొక్కరే ఖాళీ చేశారు. రెండో అంతస్తులో ఒంటిగది ఖోలిలో ఓదెమ్మ, మూడో అంతస్తు ఖోలిలో ముసలి భూమయ్య మిగిలారు. ఓదెమ్మకు భర్త పోయాడు, పిల్లలు లేరు, పోవడానికి చోటు లేదు. భూమయ్యకు చోటుంది గాని పోనంటాడు. తమ్ముడి కొడుకు నిలేష్ కాశేలిలో ఒక వృద్ధాశ్రమం చూసి పెట్టాడు.

“ఒక్కపారి ఖోలి ఇడిసిపెడితే మల్ల రానియ్యరు చెల్లె. ఆడ సచ్చినా అడిగేటోడు ఉండడు,” అన్నాడు ముసలాయన ముందు రోజే. చుట్టరికం లేకున్నా ఆమెను చెల్లె అనే పిలుస్తాడు.

పొద్దున పదకొండింటికి ఆమె బియ్యం ఏరుతుంటే చాటలో సున్నం పెళ్లలు రాలాయి. తలెత్తి చూసింది. నిన్న దారంలా ఉన్న గోడ పగులులో ఇప్పుడు వేలు పడుతుంది. లోపల ఎక్కడో ఎండుకట్టె విరిగినట్టు మళ్లీ చప్పుడైంది.

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికింది. కాళ్లు కిందికే లాగాయి. నాలుగు మెట్లు దిగింది కూడా. పైనున్న ముసలాయనకు ఇదేదీ వినిపించదు. మగ్గాల మోత ఆయన చెవుల్ని ఎప్పుడో తినేసింది. అది గుర్తొచ్చి గోడ పట్టుకుని నిలబడిపోయింది. వెనక్కి తిరిగి మూడో అంతస్తుకు మెట్లెక్కింది.

తలుపుకు లోపల గడియ ఉంది. రెండు చేతులతో బాదింది. తలుపు అదిరింది. ఆ అదురు ఆయన కంటబడినట్టుంది.

“నేను రాను నిలేషూ. వాపస్ పో,” లోపలి నుంచి భూమయ్య గొంతు.

“నేనన్నా, ఓదెమ్మను. గోడ పడుతున్నది, బయటికి రా.”

ఆ మాట ఆ చెవులకు చేరలేదు. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. మెట్ల వైపు నుంచి ఇసుక జలజల రాలుతోంది. ఇక తన వల్ల కాదనుకుంది. కిందికి పోదామనుకుంది. ఆ ఆలోచనకే ఏడుపొచ్చింది. కూలబడి, పచ్చచీర కొంగును తలుపు కింది సందులోంచి లోపలికి తోసి అటూ ఇటూ ఆడించింది. కొంగు చూస్తేనన్నా వచ్చింది నిలేష్ కాదని తెలుస్తుంది.

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

“ఏందే చెల్లె?”

ఆమె మాట్లాడకుండా ఆయన మణికట్టు పట్టుకుంది. ఆయన పైకి చూశాడు, పగిలిన గోడ కనిపించి మొహం తెల్లబోయింది. “నా పావతీలు,” అంటూ అద్దె రసీదుల పెట్టె కోసం వెనక్కి తిరిగాడు. ఆమె పట్టు వదల్లేదు. ఆయన చెవికి నోరు ఆనించి, “నువ్వు రాకుంటే నేనూ పోను. ఇద్దరం ఈడనే పోదాం,” అంది.

గోడకు ఒరుసుకుంటూ ఒక్కో మెట్టూ దిగారు. గల్లీ దాటి పాన్‌డబ్బా దగ్గరికి చేరేసరికి వెనక మూడో అంతస్తు వరండా కూలింది. దుమ్ములో ఎవరికీ ఎవరూ కనిపించలేదు. భూమయ్యకు చప్పుడు వినిపించలేదు గాని కాళ్ల కింద నేల అదిరింది. ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

కబురు తెలిసి గంటకు నిలేష్ రిక్షాలో వచ్చాడు. పెదనాన్న భుజాల మీది దుమ్ము దులిపాడు. “పెద్దబాపూ, ఇప్పుడన్నా నడు,” అని చెవి దగ్గర అరిచాడు.

“చెల్లె గూడ వస్తది,” అన్నాడు భూమయ్య.

“ఎంట వచ్చేటోళ్లల్ల రిష్తేదారులనే, సుట్టాలనే తీసుకుంటరు ఆడ.”

“చెల్లె అంటున్న గద.”

ఆశ్రమం పెద్ద సుశీలాబాయి ఆ రోజుకు ఇద్దరినీ ఉండనిచ్చింది. ఆడవాళ్ల గదిలో మంచం మీద ఓదెమ్మ ఒరగనైనా లేదు. అందరూ ఆమెకు సరిగా రాని మరాఠీ మాట్లాడుతున్నారు. ఎవరు నవ్వినా తన గురించే అనిపించింది. రేపు, తన రొంటి సంచిలోనూ ఆయన జేబులోనూ మిగిలిన ఆధార్ కార్డులు చూస్తారు. తండ్రి పేర్లు వేరు, ఇంటిపేర్లు వేరు. వీధిలోకి పంపిస్తే ఏ వీధికి పోవాలో ఆమెకు తెలియదు.

తెల్లారి సుశీలాబాయి రెండు ఆధార్ కార్డులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి చూసింది, రెండోది చూసింది. భూమయ్య కుర్చీ అంచున కూర్చుని చీర కొంగు కథ గట్టిగా చెబుతున్నాడు, సగం హిందీలో, సగం తెలుగులో. సుశీలాబాయి ఎంత అర్థం చేసుకుందో తెలియదు.

“బహిణ్?” అని అడిగింది, చెల్లెలేనా అన్నట్టు ఓదెమ్మనే చూస్తూ.

ఓదెమ్మ తల ఊపింది.

సుశీలాబాయి రిజిస్టర్‌లో భూమయ్య పేరు కింద ఇంకో పేరు రాసి, ఓదెమ్మను వేలిముద్ర వేయమని ఇంకు డబ్బా ముందుకు జరిపింది. ముద్ర చెదిరింది. ఇంకోసారి వేయించుకుంది.