ఏడు రోజుల తూకం

క్లారిస్‌ది రువాండా. చింతామణి దగ్గర ఒక కాలేజీలో పట్టుపురుగుల పెంపకం మీద ఎమ్మెస్సీ చదువుతోంది. పురుగు మేత మాని చర్మం విడవడాన్ని ఇక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగులను గూడు కట్టేదాకా ఏడు రోజులు, రోజూ ఉదయం ఎనిమిదింటికి ఆమె తూచాలి. ఒక్క రోజు తప్పినా థీసిస్‌కు ఆ పంట పనికిరాదు.

పురుగులు హనుమక్కవి. క్లారిస్ తెలుగు నేర్చుకున్నదీ ఆమె దగ్గరే. షెడ్డు గడప ముందు సున్నం చల్లిన గోనెసంచి, చేతులు కడుక్కోవడానికి బకెట్టు ఉంటాయి. వచ్చిన ప్రతి ఆడమనిషినీ హనుమక్క అడుగుతుంది.

"స్నానమైందా మా? దూరం లేవు గదా?"

నెలసరిలో ఉన్నవాళ్ళు పురుగుల దగ్గరికి రాకూడదు. క్లారిస్‌ను వాళ్ళ ఊళ్ళో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

జనవరి పంటలో మూడో రోజు ఆమె నిజం చెప్పింది.

"చెప్పినావు, మంచిదాయ. నాలుగు దినాలు ఆ రాయి మీద కూర్చో," అంది హనుమక్క. "దినామూ తూకమేసి తూకమేసి నా పురుగుల్ని సన్నబరస్తాండావు. వాటికీ సెలవు కావల్ల."

తూకం మిషనైనా లోపలికి పంపుతానంటే, ముట్టుకున్నది వద్దంది. కాఫీ మాత్రం బయటికి తెచ్చి ఇచ్చింది.

ఇంకో పంటకు అవకాశం ఉందని గైడ్ చెప్పాడు. మే నెలాఖరుకు థీసిస్ ఇవ్వకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. డిగ్రీ లేకుండా తిరిగి వెళ్ళాలి.

మార్చి పంటలో అయిదో రోజు పొద్దున హాస్టల్లో ఆమెకు నెలసరి వచ్చింది. ఎనిమిదింటికి గడప దగ్గర నిలబడింది.

"స్నానమైందా మా? దూరం లేవు గదా?"

"లేనక్కా."

లోపలికి వెళ్ళి తూచింది.

ఆరో రోజు పురుగులు తలలు ఊపాయి. పచ్చటి ద్రవం కక్కాయి. సాయంత్రానికి కుంచించుకుని చచ్చిపోయాయి. మందు పడిన ఆకు తింటే ఇలా అవుతుందని క్లారిస్ చదువుకుంది. హనుమక్క మరిది ఆదెప్ప రెండు రోజుల ముందు పక్క పొలంలో టమోటాకు మందు కొట్టాడు. ఆ గట్టు వైపు మల్బరీ ఆకును క్లారిస్ ల్యాబ్‌కు ఇచ్చింది. మందు ఉందని రిపోర్టు వచ్చింది.

రిపోర్టు తీసుకుని వెళ్ళేసరికి హనుమక్క తట్టలు కడుగుతోంది.

"ఆకులో మందు ఉండాది అక్కా. ల్యాబులో చూసినారు."

"ఆదెప్ప మందు కొట్టేది కొత్తా? పన్నెండేండ్లుగా ఆ పక్క టమోటానే. గాలీ ఆ పక్కనుంచే. ఎప్పుడూ పోనివి ఈ తూరే ఎందుకు పోయినాయి, చెప్పు."

ఆదెప్ప ఈసారి వాడిన మందు వేరే. దాని పేరు రిపోర్టులోనే ఉంది. క్లారిస్ దాన్ని చదివి వినిపించలేదు.

"మొన్న సావింటికి పోయొచ్చి తల తడుపుకున్నానో లేదో," అంది హనుమక్క. "నేనే మైల కలిపింటాను."

"నీ తప్పు కాదక్కా."

"మరెవురిది?"

క్లారిస్ రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది.

గైడ్ బాగేపల్లి దారిలో రూప అనే రైతు షెడ్డు చూసిపెట్టాడు. గడువుకు సరిపోయే చివరి పంట అది. మొదటి రోజు క్లారిస్ ఎనిమిదికి ముందే చేరింది. రూప తలుపు తీసింది. ఏమీ అడగలేదు.

"రా మా లోపలికి. సారు ఫోన్ చేసినారు."

"నేను దూరమున్నాను. రాకూడదు."

ఆమె నెలసరికి ఇంకా పన్నెండు రోజులుంది.

"అయ్యో, మేము అవన్నీ చూడం మా. రా."

"వద్దక్కా."

బయట రాయి మీద కూర్చుంది. తూకం మిషను సంచిలోనే ఉంది. లోపల పురుగులు ఆకు తింటున్న చప్పుడు వినిపిస్తోంది. రూప రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్ళింది. తొమ్మిదికి క్లారిస్ లేచి బస్సు కోసం రోడ్డుకు నడిచింది.